గడువు తీరిన పిదప

విద్యార్థులారా! మన హోసూరు ప్రాంతమున పశువుల సంతకు పోయినవారు ఒక ఆచారమును చూచియే యుందురు. ఎద్దులను కొనదలచిన రైతు మొదట వానిని కాడికి కట్టి చూచును. అమ్మువాడు దానికి అభ్యంతరము చెప్పడు. బండికి కట్టి నాలుగడుగులు నడిపించియో, ప్రక్క చేనిలో ఒక చాలు దున్నించియో చూచిన పిదప, నచ్చినచో ధర మాట్లాడుకొందురు. నచ్చనిచో పగ్గములు తిరిగి అమ్మువాని చేతికి వచ్చును. ఎద్దులు పోవును గాని, అవి దున్నిన చాలు మాత్రము చేనిలోనే యుండును.

కంప్యూటరు ప్రపంచమునందును ఇట్టి ఆచారమొకటి కలదు. సాఫ్ట్‌వేరును అమ్మువారు ధర పుచ్చుకొనుటకు ముందు, కొన్ని దినములు ఊరకయే వాడి చూడుడని మనకిత్తురు. దీనిని ‘ఫ్రీ ట్రయల్’ అందురు. తెలుగులో ఉచిత పరీక్షాకాలమనవచ్చును. ఆ కాలము ముగిసినపుడు ఎద్దులు, అనగా పనిముట్టు, తిరిగి పోవుట న్యాయమే. అయితే మనము దున్నిన చాలు, అనగా ఆ పనిముట్టుతో మనము చేసిన పని, నిలుచునా, పోవునా? ఈ పాఠమున విచారింపదలచినది ఈ ప్రశ్ననే.

1. ఈ ఆచారము పుట్టిన విధము

సాఫ్ట్‌వేర్ అనగా కంప్యూటరు ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞల సముదాయము. ఒక పుస్తకమునకు వేయి ప్రతులు కావలెనన్న వేయి ప్రతులకు సరిపడు కాగితము, సిరా, అచ్చుకూలి కావలెను. సాఫ్ట్‌వేరు సంగతి అట్లు గాదు. దానిని మొదట వ్రాయుటకు ఏండ్ల శ్రమ పట్టవచ్చును. వ్రాసిన పిదప మరియొక ప్రతి తీయుటకు అయ్యెడు వ్యయము మిక్కిలి స్వల్పము. ఈ కారణముననే, అమ్మకమునకు ముందు లక్షలమందికి ఊరక ఇచ్చి చూపుట సాధ్యమైనది.

1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ అను నతడు ‘పీసీ-టాక్’ అను సాఫ్ట్‌వేరును, జిమ్ నాఫ్ అను నతడు ‘పీసీ-ఫైల్’ అను దానిని ప్రజలకు పంచిపెట్టిరి. వాడి చూడుడు, మీ మిత్రులకును ప్రతులిండు, ఉపయోగకరమని తోచినచో కొంత సొమ్ము పంపుడు అని వారు కోరిరి. 1983లో బాబ్ వాలెస్ అను నతడు ‘పీసీ-రైట్’ అను వ్రాతపని సాఫ్ట్‌వేరును ఇదే రీతిని వెలువరించెను. ఈ పద్ధతికి ‘షేర్‌వేర్’ అను పేరు నిలిచినది. సొమ్ము పంపుట వాడువారి మనస్సాక్షికి విడువబడినది.

1993లో ‘డూమ్’ అను ఆట వెలువడినపుడు మొదటి భాగమును ఉచితముగా నిచ్చి, తక్కిన భాగములకు ధర పెట్టిరి. మరికొందరు దినముల లెక్కను పెట్టుకొనిరి. నేడు 7 దినములు, 14 దినములు, 30 దినములు అను గడువులు సామాన్యముగా కనబడుచున్నవి.

2. దినముల లెక్క

గడువు ముగిసినదని సాఫ్ట్‌వేరునకు ఎట్లు తెలియును? దీనికి రెండు మార్గములు గలవు.

మొదటి మార్గమున, సాఫ్ట్‌వేరు కంప్యూటరులో ప్రవేశించిన నాడే ఆ తేదీని సామాన్యముగా కంటబడని యొక చోట వ్రాసికొనును. తెరచిన ప్రతిసారియు నేటి తేదీనుండి ఆ తేదీని తీసివేసి, ఎన్ని దినములు గడచెనో చూచుకొనును. కంప్యూటరులోని తేదీని వెనుకకు మార్చినచో సరిపోవును గదా యని కొందరు బాలురు తలంతురు. అయితే పెక్కు సాఫ్ట్‌వేరులు తాము కడపట తెరవబడిన తేదీని కూడ గుర్తుంచుకొనును. నిన్నటికంటె నేడు ముందు వచ్చినదని కనబడగానే మోసము పట్టుబడును. సాఫ్ట్‌వేరును తీసివేసి మరల పెట్టినను, అది వ్రాసికొన్న గుర్తు పలుమారు చెరగకయే మిగులును.

రెండవ మార్గము నేడు ఎక్కువగా నున్నది. మనము ఈ-మెయిలు చిరునామాతో ఖాతా తెరచుదుము. గడువు మొదలైన తేదీ ఆ సంస్థవారి సర్వరులో నమోదగును. ఇంటి గడియారమును వెనుకకు త్రిప్పినంత మాత్రమున రైలు మనకొరకు నిలువదు గదా! ఇదియు నంతే.

తాళమును పగులగొట్టునట్టి ‘క్రాక్’ అను ఫైళ్ళను వెదకి తెచ్చువారును గలరు. దీని వలన రెండు కీడులు కలుగును. ఒకటి, అది పరుల శ్రమను అపహరించుట. రెండవది, తాళము పగులగొట్టుటకు పిలిచిన అపరిచితుని ఇంటిలోనికి రానిచ్చుట వంటిది. అతడు తాళముతో నిలుచునని నమ్మకము లేదు. మన సంకేతపదములను, బ్యాంకు వివరములను కూడ తీసికొని పోవచ్చును.

3. గడువు ముగియగానే జరుగునది

అన్ని సాఫ్ట్‌వేరులును ఒకే విధముగా ప్రవర్తింపవు. ముఖ్యముగా ఐదు విధములు గలవు.

మొదటిది, జ్ఞాపకము చేయుట. పెక్కు ఫైళ్ళను ఒక మూటగా కట్టు ‘విన్‌రార్’ అను సాఫ్ట్‌వేరునకు 40 దినముల గడువు గలదు. అది తీరిన పిదపను ఆ సాఫ్ట్‌వేరు పని చేయుచునే యుండును. తెరచినపుడెల్ల లైసెన్సు కొనవలెనని మాత్రము జ్ఞాపకము చేయుచుండును.

రెండవది, చదువనిచ్చి వ్రాయనీయకుండుట. ‘మైక్రోసాఫ్ట్ 365’ చందా ముగిసినపుడు వర్డ్, ఎక్సెల్ మొదలగునవి ఉన్న పత్రములను తెరచి చూపును, అచ్చు తీయనిచ్చును; మార్పులు చేయుటకును, క్రొత్త పత్రమును ప్రారంభించుటకును అంగీకరింపవు.

మూడవది, ఇచ్చినదానిని తగ్గించుట. గూగుల్ ఖాతాలో 15 జీబీ మేర స్థలము ఉచితము. చందా కట్టి ఎక్కువ స్థలము తీసికొని, దానిని నింపి, పిదప చందా మానినచో ఫైళ్ళు వెంటనే పోవు. కాని క్రొత్త ఫైళ్ళను ఎక్కింపలేము. జీమెయిలులో ఉత్తరములు వచ్చుటయు, పోవుటయు నిలిచిపోవును. ఆ స్థితి రెండేండ్లు సాగినచో ఫైళ్ళు తొలగింపబడవచ్చును.

నాలుగవది, పూర్తిగా నిలిచిపోవుట. సంస్థలు పరీక్షించి చూచుకొనుటకై ఇచ్చెడు ‘విండోస్ ఎంటర్‌ప్రైజ్’ కూర్పునకు 90 దినముల గడువు. అది తీరిన పిదప తెర నల్లబడును; గంటకొకమారు కంప్యూటరు తానే ఆగిపోవును.

ఐదవది, ఉచితము చందాగా మారుట. గడువు తీరిన మరుక్షణమున, మనము మొదటనే ఇచ్చిన కార్డునుండియో, ఖాతానుండియో సొమ్ము తీసికొనబడును. ఇందు సాఫ్ట్‌వేరు ఆగదు, ఆగకపోవుటయే చిక్కు. దీనిని గూర్చి ముందు చెప్పుదుము.

4. మన సంచికకు కలిగిన నష్టము

ఈ సంగతులను మేము గ్రంథముల వలన గాక నష్టము వలన నేర్చుకొంటిమి. వెనుకటి సంవత్సరపు సంచికకై మన బాలబాలికలు ఇంటింటికి పోయి, అవ్వలు తాతలు పాడు విసుర్రాయి పాటలను, రాగి కళ్ళము పాటలను వ్రాసికొని వచ్చిరి. ఇవి ఏ పుస్తకములోను అచ్చుపడినవి గావు. తమిళ, కన్నడ పదములు కలసిన మన యింటి తెలుగు వానిలో నున్నది. పుటలను అందముగా కూర్చవలెనన్న కోరికతో మేము 30 దినముల ఉచిత గడువు గల ఒక సాఫ్ట్‌వేరును ఎన్నుకొంటిమి. నలువది పుటలు కూర్చబడెను. నడుమ పరీక్షలు వచ్చి పని ఆగినది.

పరీక్షలు ముగిసి తెరచి చూచునప్పటికి గడువు తీరినదను ప్రకటన యొకటి తెరపై నిలిచినది. పుటలు కానరాలేదు. అవి మన కంప్యూటరులో గాక ఆ సంస్థవారి సర్వరులో దాచబడుచుండెనని మాకప్పుడు తెలిసినది. సొమ్ము కట్టి తెరపింతమన్న, సంవత్సరపు చందాను ఒక్కమారే కట్టవలెను. అది సంచిక అచ్చునకై కూడబెట్టిన మొత్తమును మించి యుండెను. దాతల నడిగి సొమ్ము సమకూర్చునంతలో మరి 30 దినములు గడచెను. గడువు తీరిన 30 దినములకు దాచిన ఫైళ్ళను తొలగింతుమని వారు షరతులలో స్పష్టముగానే వ్రాసియుండిరి. మేము వానిని చదువలేదు. కనుక తప్పు వారిది కాదు, మాది.

తప్పులు దిద్దుటకై ఇరువదినాలుగు పుటలను పీడీఎఫ్‌గా మార్చి యుంచితిమి. వానినుండి అక్షరములను తీసి మరియొక సాఫ్ట్‌వేరులో పెట్టగా తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములు, చిహ్నములు కలగాపులగముగా వచ్చినవి. విద్యార్థులు వానిని మరల మొదటినుండి టైపు చేసిరి. తక్కిన పాటలకు నోటుపుస్తకములను వెదకితిమి. ఒక పాటకు మాత్రము మొదటి రెండు చరణములే దొరకినవి. ఆ పాట పాడిన అవ్వ అప్పటికే గతించినది. ఆమె కుమార్తెకు, కోడలికి ఆ పాట రాదు. సంచికలో ఆ పాట సగమే అచ్చయినది. మిగిలిన సగము ఇక దొరకదు.

5. చాలు నిలువవలెనన్న

పనిముట్టు పోయినను పని నిలువవలెనన్న మూడు సంగతులు తెలియవలెను.

మొదటిది, పని ఎచట దాచబడుచున్నది? మన కంప్యూటరులోనా, పరుల సర్వరులోనా? పరుల చోట దాచుట తప్పు గాదు. అక్కడ మాత్రమే దాచుట తప్పు.

రెండవది, ఏ రూపమున దాచబడుచున్నది? కొన్ని ఫైళ్ళను వానిని పుట్టించిన సాఫ్ట్‌వేరు మాత్రమే చదువగలదు. కొన్ని రూపముల నియమములు బహిరంగముగా ప్రకటింపబడినవి గనుక, వానిని ఎవ్వరైనను చదువగల సాఫ్ట్‌వేరు వ్రాయవచ్చును. పత్రములకై ఏర్పడిన ‘ఓపెన్ డాక్యుమెంట్’ రూపము 2006లోను, పీడీఎఫ్ 2008లోను అంతర్జాతీయ ప్రమాణములుగా అంగీకరింపబడినవి. ఏ అలంకారమును లేని సాదా అక్షరపు ఫైలు అన్నిటికంటె క్షేమకరము.

మూడవది మనకు, అనగా తెలుగు వ్రాయువారికి, ముఖ్యమైనది: అక్షరములు ఏ సంఖ్యలతో దాచబడుచున్నవి? కంప్యూటరునకు అక్షరము తెలియదు, అంకెయే తెలియును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు ‘క’ అను అక్షరపు సంఖ్య 3093. హోసూరులో వ్రాసినను, హైదరాబాదులో చదివినను, ఏ సంస్థ సాఫ్ట్‌వేరు వాడినను ఈ సంఖ్య మారదు. కాని యూనికోడ్ వ్యాపింపక పూర్వము పుట్టిన తెలుగు ఫాంటులు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరఖండములను పెట్టినవి. ఆ ఫాంటు ఉన్నంతసేపు తెరపై తెలుగు కనబడును. అది లేనిచోట ఆంగ్లాక్షరములు బయటపడును. మన పీడీఎఫ్ పుటలకు జరిగినది ఇదియే. తమిళము, కన్నడము నడుమ తెలుగును నిలుపుకొను మనవంటివారు, వ్రాసిన ప్రతి మాటను యూనికోడ్‌లోనే వ్రాయుట మేలు.

6. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అను నతడు ‘గ్నూ’ అను ప్రయత్నమును ప్రకటించెను. ఎవ్వరైనను వాడుటకు, పరిశీలించుటకు, మార్చుటకు, పంచుటకు హక్కు గల సాఫ్ట్‌వేరును నిర్మించుటయే దాని లక్ష్యము. ఆంగ్లమున ఉచితమునకును, స్వేచ్ఛకును ‘ఫ్రీ’ అను ఒకే మాట చెల్లుచున్నది గనుక, అతని యభిప్రాయమును పలువురు తప్పుగా గ్రహించిరి. మన భాషలో ఆ చిక్కు లేదు. ట్రయల్ సాఫ్ట్‌వేరు కొన్నాళ్ళు ఉచితము గాని స్వేచ్ఛ గలది కాదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు గడువు అనునదే యుండదు.

వ్రాతపనికి ‘లిబ్రెఆఫీస్’ ఇట్టిది. పుటలు కూర్చుటకు ‘స్క్రైబస్’ గలదు. 2024లో వెలువడిన దాని 1.6 కూర్పులో తెలుగు ఒత్తులు, గుణింతములు సరిగా అమరును. మండలి, రామభద్ర, గిడుగు, సురవరము మొదలగు తెలుగు యూనికోడ్ ఫాంటులును స్వేచ్ఛగా లభించుచున్నవి. ఈ సంవత్సరపు సంచికను వీనితోనే కూర్చుచున్నాము. పుటల అందము కొంత తగ్గియుండవచ్చును. గడువు భయము మాత్రము లేదు.

ఇట్లు చెప్పుట ధర పెట్టి అమ్మువారిని నిందించుటకు గాదు. మంచి పనిముట్టును తగిన ధర కిచ్చి కొనుట గౌరవనీయమైన పని. కొనునపుడు కొంటిమని, అరువు తెచ్చినపుడు అరువు తెచ్చితిమని తెలిసియుండవలెననుటయే మా యుద్దేశము.

7. తల్లిదండ్రులకు మనవి

పిల్లలు పాఠములకనియో, ఆటలకనియో మీ ఫోనులో ఉచిత గడువు గల యాప్‌లను పెట్టుచుందురు. కొన్ని యాప్‌లు మొదటనే కార్డు వివరములనో, యూపీఐ అనుమతినో అడుగును. గడువు తీరిన నాడు ఆ యనుమతి ఆధారముగా సొమ్ము తీసికొనబడును. యాప్‌ను ఫోనునుండి తీసివేసిన మాత్రమున చందా రద్దు కాదు. ఈ యొక్క మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. యాప్‌లోనో, దానిని తెచ్చిన ప్లే స్టోరులోనో చందాను ప్రత్యేకముగా రద్దు చేయవలెను. యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ అను చోట మీరిచ్చిన అనుమతుల పట్టిక యుండును. అక్కడను దానిని రద్దు చేయవచ్చును.

మీ రక్షణకు నియమములు గలవు. రిజర్వు బ్యాంకు ఏర్పాటు ప్రకారము, 2021 అక్టోబరు 1 నుండి, ఇట్లు మరల మరల తీసికొను సొమ్మును గూర్చి కనీసము 24 గంటల ముందు ఖాతాదారునికి తెలియజేయవలెను. కనుక బ్యాంకు సందేశములను చదువక చెరిపివేయకుడు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకములలో, వినియోగదారులను మభ్యపెట్టు 13 పద్ధతులు నిషేధింపబడినవి. రద్దు చేయుటను అసాధ్యముగనో, మిక్కిలి చిక్కుగనో చేయుటయు, ఉచిత చందా పేరిట సొమ్ము తీసికొను అనుమతిని నిర్బంధముగా పుచ్చుకొనుటయు అందు ‘చందా ఉచ్చు’గా చెప్పబడినవి. అన్యాయము జరిగినదని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 అను సంఖ్యపై ఫిర్యాదు చేయవచ్చును.

8. ఆచరింపవలసినవి

ఉచిత గడువును ప్రారంభించిన నాడే అది ముగియు తేదీని నోటుపుస్తకమున వ్రాయుడు. దానికి రెండు దినముల ముందు ఒక గుర్తు పెట్టుడు.

షరతులలో మూడు సంగతులను వెదకుడు: గడువు తీరిన పిదప సొమ్ము తీసికొందురా, ఫైళ్ళు ఎన్నాళ్ళు ఉంచుదురు, ఫైళ్ళను ఏ రూపమున బయటికి తీసికొనవచ్చును.

వారమున కొకమారు మీ పనిని బహిరంగ రూపమున మీ కంప్యూటరులోనికి తెచ్చుకొనుడు. ముఖ్యమైనదానిని రెండు చోట్ల ఉంచుడు. మిక్కిలి ముఖ్యమైనదానిని కాగితముపై కూడ అచ్చు తీయుడు.

పూర్తి కాని పనిని గడువు గల పనిముట్టులో విడిచి పరీక్షలకు పోకుడు. ఇది మేము మా కొరకు వ్రాసికొన్న నియమము.

అభ్యాసము

1. షేర్‌వేర్ పద్ధతికిని, నేటి ఉచిత పరీక్షాకాలమునకును గల భేదమేమి?

2. గడువు ముగిసినపుడు సాఫ్ట్‌వేరు ప్రవర్తించు ఐదు విధములను వ్రాయుడు. అందు మీరు స్వయముగా చూచినది ఏది?

3. ‘క’ అను అక్షరపు యూనికోడ్ సంఖ్య ఎంత? పాత ఫాంటులలో వ్రాసిన తెలుగు మరియొక చోట ఎందులకు చెడిపోవును?

4. మీ తల్లిదండ్రులతో కలసి ఇంటి ఫోనులోని ఆటోపే అనుమతులను చూడుడు. అక్కరలేనివి ఎన్ని యున్నవి?

5. మీ యింటిలోని పెద్దలకు వచ్చిన పాట నొకదానిని పూర్తిగా, చరణములన్నియు వదలక, వ్రాసికొనుడు. దానిని యూనికోడ్‌లో టైపు చేసి రెండు చోట్ల ఉంచి, ఒక ప్రతిని కాగితముపై తెచ్చి తరగతిలో ఇండు. ఈ ప్రశ్నకు మాత్రము రేపటివరకు ఆగవద్దు. నేటి సాయంకాలమే పెద్దలయొద్ద కూర్చుండుడు.